బీరువాలో చెవి మిషను

మా నాన్నకి చెవుడు వచ్చింది రైసుమిల్లు మోతవల్ల. అది మా అందరి ప్రాణాల మీదికీ వచ్చింది మాత్రం ఆయన విశ్వాసం వల్లే అంటాను నేను.

నిడదవోలు దగ్గర మా ఊరి చర్చి మందిరంలో పాట ఎత్తేది నాన్నే. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో, సాక్ష్యాలప్పుడు లేచి, ఈ ఏడు దేవుడు నా చెవులు తెరుస్తాడని చెప్పేవారు. అందరూ స్తోత్రం అనేవారు. అంతమందిలో అలా చెప్పాక మిషను పెట్టుకోవడమంటే, దేవుడి మీద నమ్మకం లేదని ఒప్పుకోవడమేనని ఆయన వాదన. నేను రాజమండ్రిలో కొని తెచ్చిన చెవి మిషను డబ్బాతో సహా బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి ఆయన జేబులోకి వెళ్ళింది.

ఇంట్లో ఏ చిన్న మాటైనా వీధంతా వినాల్సిందే, ఆయన తప్ప. అరిచి అరిచి అమ్మ గొంతు బొంగురుపోయింది. ప్రార్థనలో ఆమేన్ ఎప్పుడనాలో తెలియక, నాన్న ఒక కన్ను తెరిచి మా పెదాల వంక చూస్తుండేవారు. అయినా ముందో వెనకో అనేవారు. అమ్మకి మాత్రం ఇందులో ఒక సుఖం దొరికింది. ఆయన పక్కనే కూర్చుని, ఆయన మీద ఉన్న ఫిర్యాదులన్నీ దేవుడికి పైకే చెప్పుకునేది. కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసిన సంగతి దగ్గర్నుంచీ. నాకు నవ్వాగేది కాదు.

మొన్న డిసెంబరు ఆఖరి ఆదివారం మందిరంలో పాట అయిపోయింది. కీబోర్డు ఆగిపోయింది. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని ఇంకో చరణం ఎత్తుకుని పాడుకుంటూ పోతున్నారు. పాస్టరుగారు మైకు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న కళ్ళు తెరిచి చుట్టూ చూసి, పాడుతున్నవాళ్ళు ఎవరూ లేరని తెలిసి, కూలబడ్డారు. ఆ ముఖం చూడలేకపోయాను.

ఇంటికి వచ్చాక, ఇక పాట ఎత్తనని పాస్టరుగారికి చెప్పేయమన్నారు. పాట మానేస్తే మా నాన్నలో ఇంకేం మిగులుతుంది? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన చెవి దగ్గరికి వెళ్ళి అరిచాను.

"కళ్ళజోడు పెట్టుకుని వాక్యం చదివితే విశ్వాసం, మిషను పెట్టుకుని వాక్యం వింటే అవిశ్వాసమా నాన్నా?"

ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. నాన్న కళ్ళజోడు తీసి, కండువాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. వినబడిందో లేదో కూడా నాకు తెలియలేదు.

కొత్త సంవత్సరం రోజు పొద్దున్న సాక్ష్యాలప్పుడు ఆయన లేచారు. మళ్ళీ అదే మాట అంటారని తల దించుకున్నాను.

"నేనడిగింది దేవుడు ఎప్పుడో పంపించాడండి. బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే," అన్నారు నాన్న.

జేబులోంచి మిషను తీసి, అందరి ముందూ చెవిలో పెట్టుకున్నారు. అది సరిగ్గా కూర్చోక కూత పెట్టింది. నేను వెళ్ళి సర్దాను. ముందురోజే ఎవరికీ చెప్పకుండా ఛార్జింగ్ పెట్టుకున్నారని తరవాత తెలిసింది. పాస్టరుగారు నెమ్మదిగా స్తోత్రం అన్నారు. నాన్న ఉలిక్కిపడి అటు తిరిగారు. అమ్మయ్య అనుకున్నాను. ఎన్నాళ్ళకో హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల ముందు అమ్మ ప్రార్థన చేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? మిషను సంగతే మరిచిపోయి, ఆయన పక్కన కూర్చుని పైకే మొదలుపెట్టింది. ఉప్పు గొడవ ఎక్కడ బయటికి వస్తుందోనని మోచేత్తో పొడిచాను. ఆవిడ ఆగితేగా.

"ప్రభువా, కొత్త సంవత్సరం ఇచ్చావు, నీకు స్తోత్రం. ఈయన కంటే ముందు నన్ను తీసుకుపోకు తండ్రీ. నేను పోతే ఈయనకి అరిచి చెప్పేవాళ్ళెవరుంటారు?"

నేను కళ్ళు తెరిచి చూశాను. నాన్న రెండు కళ్ళూ మూసుకునే ఉన్నారు. చెంపలు తడిసిపోయాయి. అమ్మ ముగించగానే, ముందూ వెనకా కాకుండా, సరిగ్గా మాతోపాటే ఆమేన్ అన్నారు.

తరవాత అమ్మ వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అన్నారు.

"ఇంక అరవక్కర్లేదులే. అయినా నువ్వుండాలి."