నడుం పట్టేసిన ఆరు వారాలు

మంచినీళ్ళ టిన్ను ఎత్తుతుంటే నడుం పట్టేసింది. ఏలూరులో మా వీధిలో కుళాయి నీళ్ళు ఎవరూ తాగరు. ఇరవై లీటర్ల టిన్ను ఆటోలో తెచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోతారు. దాన్ని వంటింట్లో స్టాండు మీదికి ఎక్కించుకోవడం మన పని. ఆ మంగళవారం పొద్దున్న వంగి, ఎత్తి, పక్కకి తిరిగాను. నడుం కింద ఎడమవైపు ఏదో పట్టి లాగినట్టయింది. టిన్ను మాత్రం వదల్లేదు. ఎలాగో స్టాండు మీద పెట్టి, వంటగట్టు పట్టుకుని నిలబడ్డాను. నొప్పికంటే ముందు భయం వచ్చింది.

మా ఆవిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆవిడ జబ్బు కూడా నడుంనొప్పితోనే మొదలైంది. అక్కడే, ఎడమవైపు. ఇంటిపని ఎక్కువై పట్టేసిందనుకున్నాం. నాలుగు నెలలు రోజూ బామ్ రాశాను, వేణ్ణీళ్ళ కాపడం పెట్టాను. "తగ్గిందా?" అని అడిగితే "పర్వాలేదండీ" అనేది. ఆఖరికి ఆసుపత్రికి తీసుకెళితే, అది కండరం నొప్పి కాదు, వెన్నుపూసల్లోకి దిగిన కేన్సర్ అన్నారు. ఆ తర్వాత ఐదు నెలలు ఉంది.

నేను మంచమెక్కి కదలకుండా పడుకున్నాను. పట్టేసిన నడుమైతే మూడు రోజుల్లో వదలాలి, వదలకపోతే ఆవిడకి వచ్చిందే నాకూ వచ్చింది అని లెక్క వేసుకున్నాను. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. చదువుదామని పుస్తకం తీస్తే, వెల్లకిలా పడుకుని దాన్ని ముఖం మీదికి ఎత్తి పట్టుకోవడానికి కూడా నడుం కావాలని తెలిసింది. ఒకే పేజీ మూడు రోజులు చదివాను. నాలుగో రోజు పొద్దున్న మంచం దిగడానికి పది నిమిషాలు పట్టింది. నొప్పి తగ్గకపోగా నడుమంతా కొయ్యబారిపోయింది.

ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. తాడేపల్లిగూడెం కాలేజీలో నేను రిటైరయ్యే ముందు పాఠాలు చెప్పిన పిల్లల వయసుంటుంది ఆవిడకి.

"ఎలా వచ్చింది సార్?"

"నీళ్ళ టిన్ను ఎత్తాను. అంతకుముందు నుంచే ఉందేమో కూడా తెలియదమ్మా."

"పడుకున్నా నొప్పి ఉంటోందా?"

"ఉంటోంది."

"రాత్రిళ్ళు నొప్పికి మెలకువ వస్తోందా?"

"అసలు నిద్రే పట్టడం లేదు."

"ఈమధ్య బరువు తగ్గారా?"

"ఆరేడు కేజీలు తగ్గాను."

ఆవిడ రాయడం ఆపి నా వైపు చూసింది. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టింది, కాలి బొటనవేళ్ళు పైకి లాగమంది, మూత్రం సంగతి అడిగింది. తర్వాత నొప్పి మాత్రలతోపాటు రక్తపరీక్ష, ఎంఆర్ఐ కూడా రాసింది. "కండరం పట్టేసినట్టే ఉంది సార్. కానీ మీరు చెప్పినవి విన్నాక చూడకుండా వదలకూడదు" అంది.

నేను అబద్ధం చెప్పలేదు. నిద్ర పట్టని మాట నిజం, బరువు తగ్గిన మాట నిజం. కానీ ఎనిమిది నెలలుగా ఒక్కణ్ణే వండుకుంటున్నానని, సగం రోజులు వండుకోవడం లేదని చెప్పలేదు. మా ఆవిడ సంగతి అసలే చెప్పలేదు. చెబితే ఆ నాలుగు నెలల బామ్ గురించి కూడా చెప్పాల్సి వస్తుంది.

స్కానింగు సోమవారం. శనివారం పొద్దున్నే ముదినేపల్లి నుంచి మా అక్క బస్సు దిగింది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. గుమ్మంలోంచే నన్ను చూసి, "ఏవిట్రా ఆ నిలబడ్డం, ప్రశ్నార్థకంలాగా" అంది. ఎంఆర్ఐ మాట చెబితే మొహం చిట్లించింది.

"యంత్రంలో దూరడం ఎక్కడికీ పోదు. ముందు తన్నిద్దాం పద."

తల్లి కడుపులోంచి తలకి బదులు కాళ్ళు ముందుగా బయటికొచ్చి పుట్టినవాళ్ళ చేత నడుం మీద కాలితో మూడుసార్లు తన్నిస్తే పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. అక్కకి చేపలు అమ్మే ఆవిడ అలా పుట్టిందట. కొల్లేటి గట్టున ఉంటుందట.

"అక్కా, నడుం పట్టినవాణ్ణి ఆ గుంతల రోడ్డు మీద ఆటోలో తీసుకెళ్తావా?"

"వచ్చేటప్పుడు నీకు గుంతలు తెలియవులే."

వెళ్ళాను. నమ్మి కాదు. ఒక్కణ్ణే ఉంటే సోమవారం దాకా గోడ చూస్తూ గడపాలి. దారంతా ఆటో పైకమ్మీ పట్టుకుని, ప్రతి గుంతకీ నొప్పి ఏవైపు వస్తోందో, కాల్లోకి దిగుతోందో లేదో చూసుకుంటూ కూచున్నాను. ఇరుపక్కలా చేపల చెరువులు, వాటి మీద తిరిగే నీళ్ళచక్రాలు. అక్క ఏదో చెబుతూనే ఉంది, నేను వినలేదు.

చేపలావిడకి నలభై ఐదేళ్ళుంటాయి. చెరువు గట్టున ప్లాస్టిక్ ట్రేలు కడుగుతోంది. సంగతి విని రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మో, మాస్టారిని కాలితో తన్నడవా! నా వల్ల కాదండి బాబూ. కళ్ళు పోతాయండి."

"నీ కళ్ళకి నేను పూచీ. కానియ్యి" అంది అక్క.

"మా పిల్లలు బడికెళ్ళాలా వద్దాండి? సదువు సెప్పే ఆరిని తన్నితే ఆళ్ళకి సదువొత్తాదాండి?"

"ఆయన రిటైరయ్యాడే. ఇప్పుడు తన్నితే ఏమీ కాదు."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వితే నడుం కలుక్కుమంది. చివరికి గోనెపట్టా పరిచి నన్ను బోర్లా పడుకోబెట్టారు. ఆవిడ ముందుగా నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. కాలు కడుక్కుని, కుడి మడమతో మూడుసార్లు తాకీ తాకనట్టు తాకించింది. వెంటనే లెంపలు వేసుకుంది. తన్ను అంటే అంతే.

నేను పైకి లేవలేక అవస్థ పడుతుంటే చెయ్యి ఇచ్చి లేపింది. "మాకు ఈ ట్రేలు మోసి మోసి నెలకోసారి పట్టేత్తాదండి. నాకెవరు తంతారండి మరి? నడుం వాలిత్తే సర్దుకుంటాది, లెగిత్తే మళ్ళీ పట్టుకుంటాది. అయినా పనిలోకెళ్ళిపోతానండి. తిరగతా ఉంటే అదే వదులుద్ది."

తిరుగు ప్రయాణంలో గుంతలు ముందుకంటే బాగానే తెలిశాయి. నడుం వాలిస్తే సర్దుకుంటుంది అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మా ఆవిడకి నడుం వాలిస్తేనే ఎక్కువయ్యేది. పడుకోలేక మంచం మీద గోడకి దిండు ఆనించుకుని కూచునేది. "నిద్ర రావడం లేదండీ" అనేది. నొప్పికి కూచుందని నేను అనుకోలేదు. పుస్తకం తీసి చేతికిచ్చేవాణ్ణి.

సోమవారం స్కానింగు తీశారు. మర్నాడు రిపోర్టు పట్టుకుని వెళ్ళాను. కవరు దారిలో మూడుసార్లు తీసి చూశాను, మా ఆవిడ రిపోర్టులో ఉన్న మాట కనబడలేదు. డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఏమీ లేదు సార్. వయసుకి తగ్గ అరుగుదల, అంతే. రక్తం కూడా బాగుంది" అంది.

"ఇంకోసారి చూడమ్మా. పేరు సరిగ్గా ఉందా? వేరేవాళ్ళది కాదు కదా?"

ఆవిడ రిపోర్టు మీద పేరు చూసింది. ఫిల్ము పక్కన పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"దేనికి భయపడుతున్నారు సార్?"

అప్పుడు చెప్పాను. బామ్ సంగతి కూడా చెప్పాను. ఆవిడ, మీ తప్పేం లేదు అనలేదు. అనకపోవడమే నయమనిపించింది. నేను చెప్పడం అయ్యాక, "ఆ రోజు నేనడిగినవే మళ్ళీ అడుగుతాను. మీకు ఎలా ఉందో అదే చెప్పండి" అంది. పడుకున్నప్పుడు నొప్పి ఉంటోందా అని మొదలుపెట్టింది.

ఆలోచించాను. పక్కకి తిరిగితే ఉంది. లేస్తుంటే ఉంది. కదలకుండా పడుకుంటే లేదు. ఆ మూడు రోజులూ లేదు. నిద్ర పట్టనిది నొప్పికి కాదు.

"లేదమ్మా" అన్నాను.

ఆవిడ తలూపి, పగలంతా మంచం మీద పడుకోవద్దని, రోజూ పొద్దునా సాయంత్రం పావుగంట నడవమని, వారం పోయాక మోకాళ్ళు పొట్టకి ఆనించుకునే వ్యాయామం చెయ్యమని చెప్పింది. రెండు పూటలా అన్నం తినమని కూడా చీటీ మీద రాసింది, మందుల వరసలోనే.

చెప్పినట్టే చేశాను. మొదటి వారం వీధి చివరి కిరాణా కొట్టు దాకా, గోడలు పట్టుకుంటూ. రెండో వారం కాలవ వంతెన దాకా. నొప్పి ఒక రోజు తగ్గేది, ఒక రోజు హెచ్చేది. హెచ్చిన రోజు మళ్ళీ రిపోర్టు తీసి చూసుకునేవాణ్ణి. నాలుగో వారం నుంచి చూడలేదు. ఆరో వారానికి చెప్పులు వంగి వేసుకోగలిగాను.

సంతోషించాల్సిన విషయమే. కానీ నొప్పి పోతున్నకొద్దీ ఇంకోటి స్పష్టమవుతూ వచ్చింది. మా ఆవిడ నొప్పీ, నా నొప్పీ ఒకలాంటివి కావు. విడదీయడానికి యంత్రం దాకా కూడా అక్కర్లేదు, పడుకుంటే ఎలా ఉంది అని అడిగితే చాలు. నాలుగు నెలలు, రోజూ బామ్ రాస్తూ, తగ్గిందా అని మాత్రమే అడిగాను.