ఊరికే చెప్పినావిడ

మాఘమాసం వచ్చిందంటే నూజివీడులో మా స్టూడియో తలుపు తీయగానే ముందు లోపలికొచ్చేది గిరాకీ కాదు, మామిడి పూత వాసన. తియ్యగా, కాస్త వగరుగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. ఈ పొద్దున అది ముక్కుకు తగలగానే కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. సీతారావమ్మగారు ఎదురుగా ఉన్నారేమో అనిపిస్తుంది నాకు ఈ రోజుల్లో. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అయినా అలవాటు పోలేదు.

ఆవిడది చాట్రాయి దగ్గర మామిడి తోట. భర్త పోయాక ముప్ఫై ఏళ్ళు ఒంటిచేత్తో నడిపారు. నేనప్పటికి పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకునేదాన్ని. వాళ్ళ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్తే, భోజనాలయ్యాక నా చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కెళ్ళారు. "ముస్తాబైన పిల్లల్ని ఎవరైనా తీస్తారమ్మాయ్, ఇది తియ్యి" అంటూ పూతకొమ్మ ఒకటి నా చెవిదాకా వంచి, వేలితో తట్టారు. చిటపటమని సన్నటి చప్పుడు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు ఎగిరే చప్పుడట! మా నాన్నది మామిడికాయల వ్యాపారం. కాయల గుట్టల మధ్య పుట్టి పెరిగిన నాకు పూత దగ్గర చెవి పెట్టి వినొచ్చని అప్పటిదాకా తెలియదు.

అలా మొదలైంది మా చానెల్. పూత కాలమంతా పొద్దున్నే తోటలోంచి లైవ్. ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని చెట్టు కింద నిలబడి మాట్లాడేవారు, నేను ఫోన్ పట్టుకునేదాన్ని. నా జీతం ఆవిడే ఇచ్చేవారు. చూసేవాళ్ళకి పైసా ఖర్చు లేదు. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నట్టు ఎక్కడెక్కడి రైతులూ వచ్చి చేరారు. తెర నిండా దణ్ణాలు, పూలు, గుండె బొమ్మలు. అవి చూసి నేను పొంగిపోయేదాన్ని. "ఎవరి తోట ఎలా ఉందో ఒక్కడూ రాయడేంటి?" అని ఆవిడ గొణుక్కునేవారు.

కొన్నేళ్ళకి మేం వీడియోలు పెట్టే యాప్ వాళ్ళ తీరు మారింది. ఊరికే పెట్టిన వీడియో నలుగురికీ చేరడం మానేసింది. చేరాలంటే మనం నెలనెలా వాళ్ళకి కట్టాలి. కాదంటే చూసేవాళ్ళ దగ్గర నెలనెలా చందా తీసుకుని, కట్టినవాళ్ళకే చూపించుకోవాలి. తోట మీద రాబడి కూడా తగ్గింది. అప్పటికి నేను పెళ్ళి బేరాలన్నీ వదులుకుని ఉన్నాను. చందా పెట్టకపోతే నా బతుకుతెరువు పోయినట్టే. అందుకని ఆవిడ వెంటపడ్డాను.

"డబ్బు పుచ్చుకుంటే మాట పడాలే అమ్మాయ్" అన్నారు. తోటలో పామును చూసి కూడా పక్కకి జరగని మనిషి, ఆ మాట అంటున్నప్పుడు గొంతులో భయం వినిపించింది.

"ఊరికే చెబితే విలువుండదండీ" అన్నాను. అది షాపులో కూర్చుని మా నాన్న అనే మాట. వాదించి వాదించి చివరికి ఒప్పించాను.

తర్వాతి పూతకి చందాదారులతో మొదటి లైవ్. వచ్చినవాళ్ళు ఆవిడ వసారాలో పట్టేంతమంది. వాళ్ళు మాట్లాడే వీలు కూడా ఉంది. ఆవిడ పాఠం మొదలుపెట్టకుండా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, తోట ఎక్కడ, పూత ఎంతవరకు వచ్చింది అని అడుగుతూ కూర్చున్నారు. కట్టిన డబ్బులకి ఇదా అనుకుంటారని నేను పళ్ళు నూరుకుంటున్నాను. ఇంతలో మైలవరం కోటేశ్వరరావుగారి వంతు వచ్చింది.

"రోజూ దణ్ణం పెట్టేది మీరే కదండీ? పోయినేడు కాపెలా ఉంది?"

"లేదమ్మా. పిందె నిలవలేదు."

"అదేంటి? పురుగు పోలేదా?"

"పురుగు పోయిందమ్మా. మీరు కొట్టమన్న రోజే మందు కొట్టించాను. అప్పటికి మా తోటంతా పూత విచ్చుకుని ఉంది."

విచ్చిన పూత మీద మందు కొడితే వాలే తేనెటీగలు చస్తాయి, అవి వాలకపోతే పిందె కట్టదు. ఆ సంగతి నాకు నేర్పిందే ఆవిడ. కానీ ఆవిడ తోట మెరకలో ఉంది, పూత ఆలస్యం. ఆ రోజుకి ఆవిడ చెట్ల మీద ఇంకా మొగ్గే. తన చెట్టు చూసుకుని లోకమంతటికీ చెప్పేశారు.

"మరి ఏడాదిపాటు నాకు చెప్పలేదేంటండీ?"

"ఊరికే చెప్పారు కదమ్మా. ఊరికే చెప్పినావిడని ఏమని అడుగుతాం?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. మర్యాదే ఉంది. ఆవిడ నన్ను ఫోన్ ఆపేయమని చేత్తో సైగ చేశారు.

మర్నాడు అందరూ చూసే లైవ్ పెట్టమన్నారు. తప్పు ఒప్పుకుంటారట! ఒంటికాలి మీద లేచాను. "ఎవరూ అడగలేదు కదండీ! మీరే చెప్పుకుంటే చేరిన ఆ కాసినిమందీ పోతారు. మీ మాట మీదే నా బతుకుంది."

"ఆయన కాపూ నా మాట మీదే ఉందమ్మా" అన్నారు మెల్లగా.

తువ్వాలు తీసి భుజాన వేసుకుని చెట్టు కింద నిలబడ్డారు. "పోయినేడు నా చెట్టు చూసుకుని మీ అందరినీ మందు కొట్టమన్నాను. మీ చెట్టు సంగతి అడగలేదు. విచ్చిన తోటల్లో కాపు పోయుంటే ఆ తప్పు నాది" అన్నారు. వాతావరణం మీదకి నెట్టలేదు, పురుగు మీదకి నెట్టలేదు. అప్పటిదాకా దణ్ణాలు పెట్టినవాళ్ళు ఆ రోజు మొదటిసారి వాళ్ళ తోటల గురించి రాశారు. మాది పోయిందంటే మాది పోయిందని. కొందరు తిట్టారు. ఆవిడ ప్రతి మాటా పైకి చదివారు, తిట్లతో సహా. ఫోన్ పట్టుకున్న నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. భయంతో మొదలైన వణుకు, చివరికొచ్చేసరికి మరేదో అయింది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

నేనన్నట్టే చందాదారుల్లో సగంమంది పోయారు. నేను మళ్ళీ పెళ్ళిళ్ళకీ వెళ్ళాల్సి వచ్చింది. కోటేశ్వరరావుగారు మాత్రం పోలేదు. ఆ వారమే ఇద్దరం బస్సెక్కి మైలవరం వెళ్ళాం. ఆవిడ ఆయన తోటలో చెట్టు చెట్టు దగ్గరా కొమ్మ వంచి తట్టి విన్నారు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఎవరి పూతా చూడకుండా ఎవరికీ మందు చెప్పలేదు. మిగిలిన ఆ కొద్దిమంది తోటలూ ఆవిడకి సొంత పిల్లల జాతకాల్లా కంఠతా వచ్చు. అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఆ చందా నా పేరు మీద నడుస్తోంది. ఇందాక కోటేశ్వరరావుగారు ఫొటో పంపారు, పూతకొమ్మది. "మందు కొట్టించొచ్చా అమ్మా?" అని కింద రాశారు. మొగ్గలాగే కనిపించింది. "కొట్టించండి" అని టైపు చేశాను కూడా. పంపబోతూ ఆగి, చెరిపేసి, ఫోన్ చేశాను.

"తోటలోనే ఉన్నారా అండీ? ఫోన్ పూత దగ్గర పెట్టి కాసేపు మాట్లాడకండి."

వేలితో ఒక చెవి గట్టిగా మూసుకుని రెండో చెవితో విన్నాను. ముందు గాలి. తర్వాత సన్నగా, ఎడతెరిపి లేకుండా, తేనెటీగల రొద.

"తేనెటీగలు వాలుతున్నాయంటే పైకొమ్మలు విచ్చుకున్నట్టేనండీ. మందు వద్దు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఆవిడ నాకిచ్చి వెళ్ళింది ఈ వణుకే.