గజ ఈతగాడి బాప్తిస్మం

జొన్నాడ రేవులో బాబ్జీ అంటే చేపలకి కూడా చనువే. యాభై దాటినా ఇప్పటికీ ఇసుక పడవ మీదే పని. బకెట్టు పట్టుకుని గోదావరి అడుక్కి మునగడం, ఇసుక నింపుకుని పైకి తేలడం. అలాంటి మనిషి బాప్తిస్మం తీసుకోవడానికి జంకాడంటే ఎవరైనా నమ్ముతారా? నీళ్లంటే అతనికి లెక్కే లేదు. జంకిందల్లా చేతులకి.

నీళ్లలో ఎవడి చేతికీ దొరకకూడదని కుర్రతనంలోనే తండ్రి నేర్పాడు. మునిగిపోయేవాడు అందినవాణ్ణి పట్టుకుని తనతోపాటు అడుక్కి లాగేస్తాడు. అందుకని ఒంటి మీద చెయ్యి పడిందంటే తన్నుకుని బయటపడాల్సిందే. బాప్తిస్మంలో పాస్టరుగారేమో రొమ్ము మీద ఒక చెయ్యి, వీపు కింద ఒక చెయ్యి వేసి వెనక్కి వాల్చి మరీ ముంచుతారాయె. "రోజూ మునుగుతూనే ఉన్నానండి, ఇంకో మునకెందుకండి?" అని బాబ్జీ అందరినీ నవ్వించి తప్పించుకునేవాడు.

అతను తప్పించుకోలేనిది ఒకటుంది. నెలకో ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల జరుగుతుంది. ఆ రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇస్తారు. పళ్లెం బయలుదేరగానే బాబ్జీ లేచి, బయట కుళాయి దగ్గర నిలబడేవాడు. పెళ్లైన కొత్తలోనే బాప్తిస్మం తీసుకున్న భార్య సూర్యకుమారి ఇన్నేళ్లుగా ఒక్కతే తీసుకుంటోంది. కిందటి నెల అతను కిటికీలోంచి చూశాడు. ఆవిడ రొట్టెముక్క చేతిలో పెట్టుకుని, నోట్లో వేసుకోకుండా గుమ్మం వైపే చూస్తోంది.  ఆ సాయంత్రమే బాబ్జీ పాస్టరు ఆనందరావుగారి దగ్గరికెళ్లి, "వచ్చే బల్లకి మా ఆవిడ పక్కన కూర్చోవాలండి," అన్నాడు.

మళ్లీ బల్ల జరిగే ఆదివారం తెల్లారేసరికి సంఘమంతా రేవులో ఉంది. ఆడవాళ్లు పాటందుకున్నారు. బాబ్జీ తెల్లబట్టలు కట్టుకుని నడుంలోతు నీళ్లలోకి దిగాడు. ఆనందరావుగారు సన్నటి మనిషి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అంటూ వెనక్కి వాల్చారు. చెయ్యి గట్టిగా పడిందో లేదో, బాబ్జీ కాళ్లు వాటంతటవే ఆడేశాయి. మనిషి మాయం! అల్లంత దూరంలో తేలి తల విదిలించుకున్నాడు. రేవంతా గొల్లున నవ్వింది.

"అది మీరేసిన మునకండి బాబ్జీగారూ, నేనిచ్చింది కాదు," అన్నారు పాస్టరుగారు.

"అలవాటండి అయ్యగారూ. మళ్లీ ముంచండి."

ఈసారి ఆయన పట్టు బిగించారు. దాంతో బాబ్జీతోపాటు ఆయనా వెళ్లిపోయారు. చివరికి బాబ్జీయే ఆయన్ని చంకలో ఇరికించుకుని తెచ్చి నిలబెట్టాడు. బాప్తిస్మం ఇవ్వబోయినాయనే పుచ్చుకున్నాడని గట్టు మీద ఒకటే నవ్వులు.

ఆనందరావుగారు కూడా నవ్వి, ఆయాసం తీర్చుకుని నెమ్మదిగా చెప్పారు. "ఇది స్నానం కాదండి. పాత మనిషి చచ్చిపోయేడని పాతిపెట్టడమండి. సమాధిలోకెళ్లినవాడు కాళ్లాడించడు కదండీ. లేపేది దేవుడు. మీరు లేవకూడదు."

బాబ్జీ మొహంలో నవ్వు పోయింది. ఇంతకాలం బతికిందే కాళ్లాడించి. ఇప్పుడూ కుదరకపోతే ఇవాళ కూడా కుళాయి దగ్గరే. సిగ్గుతో గట్టువైపు చూశాడు.

సూర్యకుమారి గట్టు మీద లేదు. పంటకాలువ దాటాలన్నా మొగుడి చెయ్యి పట్టుకునే మనిషి, కుచ్చిళ్లు ఎగదోపుకుని గోదావరిలోకి వచ్చేస్తోంది.

"ఏవండీ, నా బాప్తిస్మంనాడు ఇక్కడే నేను వణికిపోతుంటే మీరేం చెప్పేరు?"

"ఒళ్లు వదిలెయ్యి, పట్టుకున్నోళ్లే చూసుకుంటారని చెప్పేను."

"వదిలేనా లేదా?"

"ఆయ్, వదిలేవు."

"ఈత రాని దాన్ని నేనే వదిలితే, మీకేం వచ్చిందండీ?"

బాబ్జీ పాస్టరుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. పాస్టరుగారి చేతులు పడ్డాయి. కాళ్లు ఒక్కసారి అదిరాయి. బిగబట్టాడు. ఆ తర్వాత బిగబట్టాల్సిన పని కూడా లేకపోయింది. నీళ్లు మొహం మీదుగా కలిసిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక గోదావరిలో అంత నిశ్చింతగా అతనెప్పుడూ లేడు. పాస్టరుగారు లేపేదాకా అలాగే ఉండిపోయి, లేచాక చంటిపిల్లాడిలా ఏడుస్తూ నవ్వాడు. పాటతో రేవు దద్దరిల్లిపోయింది.

చర్చిలో పళ్లెం బయలుదేరింది. పాత అలవాటు, బాబ్జీ సగం లేచాడు. సూర్యకుమారి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అతను తన్నుకోలేదు. ఆవిడ తన ముక్క తీసుకుని, అతనూ తీసుకునేదాకా ఆగింది. ఇద్దరూ ఒక్కసారే నోట్లో వేసుకున్నారు.