పదకొండు గంటల ఇంటర్వ్యూ

ఫెల్టన్ ఊళ్లో తిరిగే బస్సులన్నిటి మీదా ఆ ఏడాది జానియా పెట్‌వే బొమ్మే. పదకొండేళ్ల నల్లజాతి పిల్ల, పెద్ద కళ్లద్దాలు, చేతిలో నీలం నీళ్ల గాజుగొట్టం. కింద "సైన్స్ అకాడమీ తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి" అని రాసి ఉండేది. క్లాసు పిల్లలందరితో కలిసి ఆ బడి చూడ్డానికి వెళ్లినప్పుడు, ఫొటో తీసేవాడు ఈ పిల్లను ఏరి మరీ నిలబెట్టాడు. అదే బడిలో సీటుకు దరఖాస్తు పెడితే మాత్రం మార్చిలో ఉత్తరం వచ్చింది. వెయిటింగ్ లిస్టులో నలభై ఒకటో నంబరట.

"బస్సు మీదేమో అందరికంటే ముందున్నాను, లిస్టులో వెనకున్నాను. ఎందుకు నాన్నమ్మా?" అని జానియా అడిగింది.

నాన్నమ్మ వర్డెల్ ఉత్తరాన్ని రెండుసార్లు తిరగేసి చదివింది. కారణం చెప్పని కాగితమంటే ఆవిడకు కోపం. ఊరి మధ్య పారే ఏటికి ఇవతల మేపుల్ వీధి బడిలో ఇరవయ్యారేళ్లుగా వంటగది ఆవిడదే. రోజూ నాలుగొందల పదిమందికి వండి వడ్డిస్తుంది. ఎవడు బఠాణీలు జేబులో దాస్తాడో, ఎవరి ఇంట్లో రాత్రి పొయ్యి వెలగలేదో ఆవిడకు కంచం చూస్తే తెలుస్తుంది. మిస్ వర్డెల్ గరిటె ఎత్తితే హెడ్మాస్టరు కూడా వరసలో నిలబడాల్సిందే. కొడుకు పోయాక జానియాను రెండేళ్ల పసిదానిగా ఇంటికి తెచ్చుకుంది. పిల్లకు లెక్కలంటే ప్రాణం. ఇవతలి గట్టు మామూలు హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టరు లేక రెండేళ్లయింది. అందుకే అకాడమీ సీటు రాకపోతే పిల్ల బతుకు ఇక్కడే ఆగిపోతుందని వర్డెల్‌కు నిజంగా భయం పట్టుకుంది.

సాయంత్రం గరిటె కడిగేసి, ఉత్తరం పట్టుకుని సమానత్వ కార్యాలయానికి వెళ్లింది. జాతి తేడా, డబ్బు తేడా లేకుండా బళ్లను సమానం చేయడానికి విద్యాశాఖ వారు కొత్తగా పెట్టిన కచేరీ అది. ఎప్పుడు సమానం చేస్తారో గాని, సోఫాలు మాత్రం అప్పటికే వచ్చేశాయి. దాని డైరెక్టరు డాక్టర్ లియాండర్ బ్రిగ్స్. అతనూ నల్లవాడే. మనవాడే కదా అని వర్డెల్ ముందు సంతోషించింది.

"మార్కుల్లో మీ పాపకు లోటేమీ లేదు మేడమ్. కుటుంబ భాగస్వామ్యం కింద పది మార్కులుంటాయి. దాంట్లో సున్నా వచ్చింది" అన్నాడు బ్రిగ్స్, కాగితం తిరగేసి.

"భాగస్వామ్యం అంటే ఏంటి నాయనా?"

"పెద్దవాళ్లు వచ్చి ఇంటర్వ్యూలో మాట్లాడాలి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా. మీరు రాలేదు."

"ఆ టైముకు నేను నాలుగొందల మందికి అన్నం పెడుతుంటాను. వదిలేసి ఎట్లా వస్తాను?"

"మీ బాధ మాకు చాలా విలువైనది" అన్నాడు బ్రిగ్స్, నిజంగానే బాధపడుతూ. "ఇలాంటివి వినడానికే ఓ కమిటీ వేశాం. మీరు అందులో చేరాలి. ప్రతి గురువారం పదకొండున్నరకు. భోజనం కూడా మేమే పెడతాం."

"ఆ భోజనం వండి పంపేది నేనే."

బ్రిగ్స్ దగ్గాడు. వెయిటింగ్ లిస్టు వాళ్లకు ఏప్రిల్ రెండో మంగళవారం ఇంకో అవకాశం ఉందని చెప్పాడు. అదీ పదకొండింటికే. వెళ్లేటప్పుడు మెరిసే అట్టతో ఓ నియమాల పుస్తకం చేతిలో పెట్టాడు, వాళ్ల కార్యాలయం అచ్చేసిందే. చదువుతారని ఇచ్చి ఉండడు.

వర్డెల్ చదివింది. బస్సులో సగం, వంటింట్లో సగం. ఇరవై రెండో పేజీలో ఉంది: పిల్లల బడి పని మీద ఏ ఉద్యోగి అయినా వారం ముందు కాగితం రాసిస్తే రెండు గంటల సెలవు ఇవ్వాలి, కాదనడానికి ఏ అధికారికీ వీల్లేదు.

మర్నాడు తోటి వంటావిడ రోసెట్టాకు చూపించింది. రోసెట్టా మనవడు కాల్విన్‌దీ అదే కథ, అదే సున్నా.

"ఇంకేం, సెలవు పెట్టి వెళ్లు. నీ ఒక్కదాని పనేగా, ఇక్కడ నేను చూసుకుంటా" అంది రోసెట్టా.

"మరి నీ వాడో?"

"నా సంగతి ఎందుకులే."

"ఎందుకులే అంటే నాకు వొళ్లు మండుతుంది. ఇవతలి గట్టు ఆరు బళ్ల వంటగదుల్లో ఎంతమందికి సున్నాలొచ్చాయో కనుక్కో."

పదిహేడు మందికి వచ్చాయి. ఆ ఆరు బళ్లలో వడ్డించే చేతులు దాదాపు అన్నీ వాళ్లవే. పదిహేడు సెలవు కాగితాలు ఆరు బళ్ల నుంచి విడివిడిగా వెళ్లాయి. ఆరుగురు గుమాస్తాలు ఎవరి పాటికి వాళ్లు ముద్ర వేశారు. ఒకచోట పెట్టి చూసుకునే అలవాటు ఆ విద్యాశాఖకు లేదు.

పిల్లల కడుపు మాడ్చడం వర్డెల్ వల్ల కాదు. ఆ మంగళవారం పదింటికల్లా జున్ను కలిపిన మాకరోనీ, కాల్చిన కోడి, మొక్కజొన్న రొట్టె అన్నీ వేడివేడిగా సిద్ధం చేసి, మూతలు పెట్టి, అందరూ బస్సెక్కారు. వంట అయింది. వడ్డించేవాళ్లే లేరు.

అకాడమీ హాల్లో పదకొండింటికి పదిహేడు మంది ఆడవాళ్లు వంటప్పుడు జుట్టుకు కట్టుకునే వలలతోనే కూర్చున్నారు. ఎదురుగా ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మూడు కుర్చీలు, మూడూ ఖాళీ. పదకొండుంపావు అయింది. వర్డెల్ లేచి తలుపు దాకా వెళ్లి చూసి వచ్చింది. ఒక్కతే వచ్చి ఉంటే ఈపాటికి మాటలు ముగిసి, పిల్లకు పది మార్కులు పడి ఉండేవి. నా కోపానికి దాని సీటు పోగొట్టానా అనుకుంది.

అప్పుడు ఫోను మోగింది. బ్రిగ్స్ గొంతు, వెనక వందమంది పిల్లల గోల.

"మిస్ వర్డెల్, మీరంతా ఎక్కడున్నారు?"

"మీరు రమ్మన్నచోటే ఉన్నాం నాయనా. మీరెక్కడ?"

"మీ వంటగదిలో. ఆఫీసు వాళ్లందర్నీ వడ్డించడానికి ఆరు బళ్లకూ పంపేశాను, ఇంటర్వ్యూ వాళ్లను కూడా. ఈ పిల్లలు రెండోసారి కోడి అడుగుతున్నారు, పెట్టాలా?"

"కుడిపక్క వరసలో చివర ఎర్ర చొక్కావాడికి పెట్టు. వాడు రాత్రి తిని ఉండడు."

కాసేపు గరిటె చప్పుడు వినిపించింది.

"పెట్టాను. కానీ మేడమ్, పదకొండింటికి మేమెట్లా రాగలం? ఇక్కడ నాలుగొందల మంది ఉన్నారు" అన్నాడు బ్రిగ్స్ ఏడుపు గొంతుతో.

అవతల గరిటె గిన్నెలో పడిన చప్పుడైంది. తను ఏమన్నాడో అతనికే వినపడినట్టుంది.

"సాయంత్రం ఐదున్నరకు వస్తాం" అన్నాడు చివరకు, చిన్నగా.

వచ్చారు. ముగ్గురి బట్టల మీదా జున్ను మరకలే. మొదటి ప్రశ్న కాగితంలో అచ్చయి ఉంది: పిల్ల బడి జీవితంలో మీరు రోజూ ఏ విధంగా పాలుపంచుకుంటున్నారు? బ్రిగ్స్ అది సగం చదివి, పైకి చూడకుండా ప్రతి ఒక్కరికీ పదికి పది వేశాడు.

నెల తిరక్కుండా ఉత్తరాలొచ్చాయి. పదిహేడు మందిలో ఏడుగురికే సీట్లు. జానియాకు వచ్చింది, కాల్విన్‌కు రాలేదు. పదకొండు గంటల వేళను విద్యాశాఖ శాశ్వతంగా సాయంత్రానికి మార్చింది. అది తమ కార్యాలయం సొంత ఆలోచనేనని పత్రికకు ప్రకటన కూడా ఇచ్చింది.

ఉత్తరాలొచ్చిన మర్నాటి ఉదయం వంటగదిలో వర్డెల్ సంతోషపడలేక, ఏడవలేక, ఒకే బఠాణీల డబ్బా మూత మూడుసార్లు తీసి పెట్టింది. పక్కన రోసెట్టా రొట్టె కోస్తోంది.

"రోసెట్టా, నేను..."

"పిల్ల ఏమంది?"

"రాత్రంతా నిద్రపోలేదు. గంతులు."

"మరి మొహం అట్లా పెడతావేంటి? పిల్ల ఆ బడికి వెళ్తున్నందుకు సంతోషపడు. నా వాడి విషయంలో నువ్వు నాకు ఒక పని చేసి పెట్టాలి."

"ఏంటో చెప్పు."

"సీట్లు మొత్తం నూట ఇరవయ్యేనట. ఎందుకు అన్నేనో అడగాలి. విద్యాశాఖ మీటింగు ఎన్నింటికో కనుక్కో" అని రోసెట్టా కత్తి తుడుచుకుంది. "పొద్దునైతే మరీ మంచిది."