అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర విన్న గొంతు

అంతర్వేది నరసింహస్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. దయ్యాల మాటెత్తితే పగలబడి నవ్వే మనిషిని నేను. గోదావరి గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబుతానన్న పేరుంది గానీ, అది వేరే సంగతి.

మొన్న చలికాలంలో మా అక్క భర్త జంగారెడ్డిగూడెం నుంచి వచ్చారు. పామాయిల్ తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. రాజమండ్రిలో గోదావరి మీద వరసగా నిలబడ్డ వంతెనలు చూపించాను, ధవళేశ్వరం ఆనకట్ట చూపించాను. "బాగానే ఉందిలే" అన్నారు! నాకు ఒళ్లు మండింది. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు చూస్తే ఎందుకు నోరు తెరవరో చూద్దామని అంతర్వేది లాక్కుపోయాను.

పొద్దున్నే పోలయ్య ఇంజను పడవ ఎక్కాం. పోలయ్య అక్కడ చేపలు పట్టే మనిషి. వెనక ఇంజను దగ్గర అతను, మధ్యలో చెక్కని రెండు చేతులా పట్టుకుని బావగారు, ముందు ఆయనకెదురుగా నేను. ముగ్గురమే.

నేను మొదలుపెట్టాను. సముద్రంలో ఉన్నంతకాలం విలస అనిపించుకునే చేప, వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస అవుతుందన్నాను. ధవళేశ్వరం దాటాక గోదావరి తొమ్మిది పాయలవుతుందన్నాను.

"ఏడండి" అన్నారెవరో.

ఇంజను చప్పుడులో బావగారే అనుకుని ఇంకాస్త రెచ్చిపోయాను. "ఇక్కడ సముద్రంలోకి మైలు దూరం వెళ్లినా నీళ్లు చప్పగానే ఉంటాయి బావగారూ! గోదారి బలం అలాంటిది."

"ఉప్పగా తగిలితే ఏం చేస్తావ్ బామ్మర్దీ?"

"ఈ జన్మలో గోదారి గొప్పలు చెప్పను!"

అంతలో పొగమంచు కమ్మేసింది. అలాంటప్పుడు అక్కడివాళ్లు నీళ్లు రుచి చూస్తారు. చప్పగా ఉంటే ఇంకా నదిలోనే ఉన్నట్టు. కటిక ఉప్పయితే సముద్రం నోట్లోకి పోతున్నట్టు. అక్కడ చిన్న పడవ తిరగబడితే ఇక అంతే. బావగారికి ఈత రాదు.

పోలయ్య దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మాడు. "చప్పగానే ఉందండి, పోనిస్తానండి" అన్నాడు.

రెండు నిమిషాలు పోయాం. అప్పుడు నా వీపు వెనక, వట్టి నీళ్ల మీద నుంచి ఓ ముసలావిడ గొంతు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "ఉప్పండి. తిప్పుకోండి."

ఇందాక పాయలు ఏడన్న గొంతు అదే!

"అయ్ బాబోయ్!" అంటూ పోలయ్య పడవని గిర్రున తిప్పేశాడు. మంచు కాస్త విడింది. మేం తిరిగిన చోటికి పది బారల అవతల అలలు అన్నాచెల్లెళ్ల గట్టు మీద విరుచుకుపడుతున్నాయి. నదినీ సముద్రాన్నీ విడదీసే ఇసుక తిప్ప అది. ఇటు నీళ్లు ఒక రంగు, అటు ఇంకో రంగు! ఆ గండంలోనూ నా ఒళ్లు పులకరించింది. బావగారు నోరు తెరిచారు.

ఒడ్డుకి చేరాక ఆయనే ముందు అడిగారు. "ఆవిడెవరయ్యా?"

"నన్నడుగుతారేంటండీ? దగ్గర్లో ఇంకో పడవుంటే ఇంజను వినపడదాండి?" అన్నాడు పోలయ్య.

సరే, స్వామివారు క్షమించాలి. ఇందులో ఒక్కటి కల్పించాను. నీళ్లు రుచి చూసింది పోలయ్య కాదు. అతని నోట్లో పొగాకు ఉంది, అందుకని నన్ను చూడమన్నాడు. నాలుక మండిపోయేంత ఉప్పు. ఎదురుగా బావగారు కళ్లార్పకుండా చూస్తున్నారు. చప్పగానే ఉందన్నది నేను.

ఉప్పని అప్పటికి తెలిసింది పడవలో నాకొక్కడికే. ఆవిడకెలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.