వైన్ టేబుల్‌కి కర్టెన్

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా కాస్త బాధగా నాలుగు మాటలు మాట్లాడితే చాలు, సంగతేమిటో పూర్తిగా వినకముందే "నేను చూసుకుంటాలే" అనేసేదాన్ని. కెనడా వచ్చి, ఒషావాలో చదువు ముగించి, ఓక్‌విల్‌లో మొదటి ఉద్యోగంలో చేరి, పెద్దమ్మ వాళ్లింటి బేస్‌మెంట్‌లో ఉంటున్న కాలమది. చేతిలో వర్క్ పర్మిట్, ఒంట్లో ఓపిక, బొత్తిగా ఏమీ తెలియకపోవడం వల్ల వచ్చే ధైర్యం, మూడూ పుష్కలంగా ఉండేవి. పని మొదలుపెట్టాక గానీ ఆలోచన మొదలయ్యేది కాదు (అది కూడా నాకు కాదు, పక్కవాళ్లకి).

మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తన ఆఫీసులో పనిచేసే తెల్లబ్బాయినే పెళ్లి చేసుకుంటానంది. వాళ్లది నయాగరా వైపు, చుట్టూ ద్రాక్షతోటలున్న ఊరు. వాళ్లింట్లో భోజనంలోకి వైన్ అంటే మనకి మజ్జిగలాంటిది, అది పడకపోతే తిన్నట్టుండదు. పెద్దమ్మ ఈ పెళ్లికి కొంచెం బెట్టు చేసి ఒప్పుకుంది, అబ్బాయిని పట్టుపంచెకి ఒప్పించింది, తలంబ్రాలంటే ఏమిటో వియ్యాలవారికి దగ్గర కూర్చుని అక్కచేత చెప్పించింది. అన్నీ సవ్యంగా నడిచి నడిచి, రిసెప్షన్‌లో వైన్ దగ్గరికి వచ్చి బండి ఆగిపోయింది.

"వాళ్ల అలవాటు వాళ్లది, తాగొద్దని నేననను. కానీ మన పెద్దవాళ్ల ఎదురుగా గ్లాసులు పట్టుకుని తిరుగుతుంటే ఏం బాగుంటుందే? ఆ మూల టేబుల్‌కి అడ్డంగా ఒక కర్టెన్ కట్టిద్దాం. కావలసినవాళ్లు వెనక్కి వెళ్లి తాగి వస్తారు" అంది పెద్దమ్మ.

"దే ఆర్ నాట్ థీవ్స్, అమ్మా. కర్టెన్ ఉంటే నాకు రిసెప్షనే వద్దు" అంది అక్క.

"కర్టెన్ లేకపోతే నేను ఆ హాల్లో అడుగు పెట్టను" అంది పెద్దమ్మ. పెదనాన్నగారు ఇద్దరి మొహాలూ చూసి, డ్రైవ్‌వేలో మంచు తీయాలని బయటికి వెళ్లిపోయారు (మంచు అప్పటికే కరిగిపోయింది). ఆ తరవాత తల్లీ కూతుళ్ల మధ్య మాటలు బందు. కూర ఎలా ఉందో కూడా నా ద్వారానే అడిగేవారు. ఒక సాయంత్రం అక్క బేస్‌మెంట్‌లోకి దిగి వచ్చి నా మంచం మీద కూలబడి, "అమ్మ లేకుండా రిసెప్షన్ ఎలా చేసుకుంటానే" అని ఏడ్చింది. చిన్నప్పుడు కూడా ఏడవలేదని పెద్దమ్మ చెప్పే మనిషి అలా ఏడుస్తుంటే నా గుండె నీరైపోయింది. ఏమన్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ పెళ్లికి ముందు ఆడవాళ్లంతా చేరి, పెళ్లికూతురికి కానుకలిచ్చి, ఆటలాడి, తిని వెళ్లే వేడుకని షవర్ అంటారు. దానికో థీమ్ ఉండాలి. ఆ షవర్ బాధ్యత ఎలాగూ నాదే కాబట్టి, కర్టెన్ గొడవని కూడా అందులోనే తేల్చేద్దామని నిశ్చయించుకున్నాను. పెద్దమ్మ ముందు వంటింటి థీమ్ అనుకుందామంది, మళ్లీ తనే "రోజూ చచ్చేది అందులోనే, మళ్లీ థీమ్ కూడానా" అని కొట్టేసింది. తోట థీమ్ అందామంటే ఏప్రిల్‌లో ఓక్‌విల్‌లో గడ్డి కూడా మొహం చాటేస్తుంది. అప్పుడు బయటపెట్టాను నా అసలు పథకం. వైన్ థీమ్. వచ్చే ప్రతి ఆవిడా ఒక సీసా తెస్తుంది. పేరు కనబడకుండా సంచీలు తొడుగుతాం. రుచి చూసేవాళ్లు చూసి చీటీ మీద మార్కులేస్తారు, చూడనివాళ్లు ఆ చీట్లు లెక్కపెడతారు. గెలిచిన వైనే రిసెప్షన్‌కి. అసలు భయమంతా ఎరగకపోవడం వల్ల వచ్చేదేననీ, మన ఆంటీలు ఆ సీసాలని ఒక పూట దగ్గరగా చూస్తే కర్టెన్ దానంతటదే ఊడిపోతుందనీ నా సిద్ధాంతం. (అప్పటికి నా వైన్ అనుభవమంతా ఆఫీసు పార్టీలో ఒక గుక్క. చింతపండు నీళ్లలో ఉప్పు వేయడం మరిచిపోయారేమో అనుకున్నాను.)

పెద్దమ్మ ఒప్పుకోవడానికి వారం పట్టింది. వియ్యపురాలు మొదటిసారి ఇంటికి వస్తుందన్న ఒక్క ముక్క మీద ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మాత్రం వెనక్కి తగ్గలేదు. బీరువాలోని జాకెట్ గుడ్డలన్నీ తీసి సీసాలకి సంచీలు కుట్టి, తొడిగి తెమ్మని ముందే ఇంటింటికీ పంపింది. ఒక్కొక్క సంచీకీ బొట్టు కూడా పెట్టింది. కొత్త కారుకీ కొత్త ఫ్రిజ్‌కీ పెట్టిన చెయ్యి, ఊరుకోలేకపోయింది.

ఆ ఆదివారం బేస్‌మెంట్ నిండిపోయింది. ఒక పక్క మన ఆంటీలు, ఒక పక్క అక్క స్నేహితురాళ్లు, మధ్యలో సోఫాలో వియ్యపురాలు, ఆవిడ చెల్లెలు. వియ్యపురాలు బళ్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, అన్నిటికీ తలాడిస్తూ నవ్వుతూ ఉంటుంది. నేను ఇంటర్నెట్‌లో చదివినంత మేరా ఏర్పాట్లు చేశాను. రుచి చూసి ఉమ్మడానికి తలా ఒక గిన్నె కూడా పెట్టాను. మొదటి సీసా వంచాను. వియ్యపురాలు వాసన చూసింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు కాస్త పెద్దవయ్యాయి. ఒక గుక్క నోట్లో పోసుకుని గిన్నె కోసం చెయ్యి చాచింది. గిన్నెలో పెరుగువడ ఉంది. ఖాళీ గిన్నెలు వియ్యాలవారి ముందు పెట్టడమేమిటని పెద్దమ్మ నేను చూడకుండా అన్నిటినీ నింపేసిందట. పాపం, ఆవిడ మింగేసింది. "చాలా ప్రత్యేకంగా ఉంది" అంది ఇంగ్లీషులో. రెండోది కూడా ప్రత్యేకంగానే ఉంది. మూడోదానికి కార్కు పొడిపొడిగా రాలింది, అది మరీ ప్రత్యేకం. ఆవిడ చెల్లెలు మూడు వడలు వరసగా తినేసింది.

నాకేదో తేడాగా అనిపించి, పోటీ మధ్యలోనే సంచీలు ఊడదీశాను. మొదటి సీసా, రెండోది, మూడోది, ఆ వెనకున్నవీ చాలా మటుకు ఒకటే రకం. ఒకటే లేబుల్, మెడలో ఒకటే బంగారు రిబ్బను.  మూల కుర్చీలోంచి, ఇళ్ల బేరాలు కుదిర్చే మా రియల్టర్ ఆంటీ నెమ్మదిగా అంది, "ఇవన్నీ నేనిచ్చినవే కదా."

ఆవిడ తను ఇల్లు కొనిపెట్టిన ప్రతివారికీ గృహప్రవేశంనాడు ఒక వైన్ సీసా ఇస్తుంది. ఇక్కడి పద్ధతి అది. మా వాళ్లలో ఇల్లు కొన్నవాళ్లందరూ ఆవిడ దగ్గర కొన్నవాళ్లే. తాగే అలవాటు ఎవరికీ లేదు, పారేయడానికి చెయ్యి రాదు. జాకెట్ గుడ్డ ఒకరింట్లో బొట్టుతో బయల్దేరి పదిళ్లు తిరిగినట్టు ఆ సీసాలు ఓక్‌విల్‌నీ పక్కనున్న మిస్సిసాగానీ ఏళ్ల తరబడి చుట్టబెట్టాయి. వేడి తగిలితే పాడయ్యే సరుకది, మధ్యలో ఆగిన చోట్లు కూడా మంచివి కావు. ఒకావిడ షోకేసుకి అందంగా ఉంటుందని ఎండ పడే కిటికీలో పెట్టింది. ఇంకొకావిడ ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఉన్న గదిలో. మా పెద్దమ్మది స్టవ్వు పైన అలమరలో, పెద్ద కుక్కరు పక్కన ఏళ్ల తరబడి ఉడికింది. రియల్టర్ ఆంటీ తెచ్చిన సీసా ఏదా అని చూస్తే అదీ అదే. ఆవిడకే ఎవరో శ్రావణమాసం పేరంటంలో తిప్పి ఇచ్చారట.

నా పథకం అక్కడికక్కడే మట్టిగొట్టుకుపోయింది. అక్క మొహం చూసే ధైర్యం లేక టిష్యూలు మడతపెడుతూ కూర్చున్నాను. వియ్యపురాలికి సంగతి అర్థమయ్యేసరికి సోఫా పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తమ వైపు ఒక గాజు గిన్నె ఉందనీ, తన పెళ్లికి కానుకగా వచ్చినది చేతులు మారుతూ ఇంకా ఊళ్లో తిరుగుతూనే ఉందనీ చెప్పింది. ఆంటీలందరూ తేలికపడి నవ్వారు. నవ్వనిది పెద్దమ్మ ఒక్కతే.

ఆవిడ గ్లాసు ఎత్తి వాసన చూసింది, మళ్లీ చూసింది. ఆ మొహం నేనెప్పుడూ మరిచిపోలేను.

"పులిసిపోయిందే ఇది" అంది నాతో. "మగపెళ్లివారికి, మొదటిసారి గడప తొక్కినావిడకి, పులిసిపోయింది పోశామా మనం?"

"తెలియక జరిగింది పెద్దమ్మా, ఆవిడేమీ అనుకోలేదు" అన్నాను.

"ఆవిడ అనుకోదు, మర్యాదస్తురాలు. అనుకోవలసింది నేను. పాడైపోయిన పప్పు వడ్డిస్తే ఊరుకుంటానా? ఈ శనివారం కారు తియ్యి. వాళ్ల ఊరే పోదాం. వియ్యాలవారి నోటికి పట్టేది ఏదో నేనే చూస్తాను."

నేనింతకాలం పట్టుదల అంటే నాదే అనుకున్నాను. అది నాకు ఎవరి పోలికో ఆ శనివారం తెలిసింది. పెద్దమ్మ నన్నూ, వియ్యపురాలినీ వెంటేసుకుని, వైన్ చేసి అక్కడే అమ్మే తోటలు ఒకదాని తరవాత ఒకటి తిరిగింది. చుక్క నోట పెట్టలేదు. ప్రతి గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. "ఇది ఎన్నాళ్లు ఆగుతుంది, ఎండ తగిలితే ఏమవుతుంది, ఎక్కడ దాచాలి" అని కౌంటర్ దగ్గర పిల్లని నాచేత అడిగించేది. ముక్కు పెద్దమ్మది, నాలుక వియ్యపురాలిది. ఇద్దరూ ఒకదాన్ని ఒప్పుకుంటే తలలూపుకునేవారు, మధ్యలో అనువాదం నాది. "మా పుట్టింట్లో ఊరగాయ జాడీలు ఇలాగే చీకట్లో పెడతారు" అని పెద్దమ్మ అంటే, వియ్యపురాలు దాన్ని ఒక పుస్తకంలో మాటలా శ్రద్ధగా విన్నది. తోటకీ తోటకీ మధ్య వాళ్లిద్దరూ వెనక సీట్లో, నేను డ్రైవర్‌లా ముందు సీట్లో.

రిసెప్షన్ రోజు హాలు అలంకరించేవాడు నిచ్చెనతో వచ్చి, "కర్టెన్ ఎక్కడ కట్టాలి మేడమ్" అన్నాడు. పెద్దమ్మ ఎప్పుడో పురమాయించినదాన్ని వద్దని ఎవరూ అతనికి చెప్పలేదు, అందరం ఒకరు చెప్పారని ఇంకొకరు అనుకున్నాం. అక్క పెళ్లిచీరలో బిగుసుకుపోయింది.

"ఏం కర్టెన్?" అంది పెద్దమ్మ, మొదటిసారి వింటున్నట్టు. "మగపెళ్లివారిని తెర వెనక నిలబెట్టి పోస్తామా? తీసుకుపో నాయనా."

ఆ రాత్రంతా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని ఆ టేబుల్ పక్కనే నిలబడింది. విందులో కొసరి కొసరి వడ్డించినట్టు, వచ్చినవాళ్లందరికీ "ఇంకొంచెం, మొహమాటపడకండి" అని పోయించింది. వియ్యాలవారి బంధువులు వద్దనడం ఎలాగో తెలియక రెండో గ్లాసుకి, మూడో గ్లాసుకి తలవంచారు. అక్క దూరం నుంచి చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మ హాల్లో ఉంది" అంది. అంతే. 

ఇప్పుడు ఎవరైనా షవర్‌కి సలహా అడిగితే అన్నీ తెలిసినదాన్ని కాబట్టి చాలా చెప్తాను. ఏది కుదరదో, ఎక్కడ చెడుతుందో ముందే కనబడుతుంది, అందుకే ఏదీ మొదలుపెట్టను. తను వేసిన పథకంలో ఒక్కటీ ఫలించకపోయినా అంతా తనవల్లే అయిందని ఆ రాత్రి హాలంతా ఛాతీ విరుచుకుని తిరిగిన ఆనాటి నాలోని పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎదురుపడితే దాని చెవి మెలిపెడదామనుకుంటాను గానీ, నిజంగా ఎదురుపడితే ఆ మొండితనం కాస్త నాకూ పెట్టమని అడుగుతానేమో.