మూసిన ఫ్యాక్టరీ పక్కన బోరు

గుమ్మడిదల దగ్గరి మా ఫ్యాక్టరీకి తాళం వేసిన రోజు నాకు నిజంగా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటేనే ఇప్పుడు నా మీద నాకు అసహ్యం.

సంగారెడ్డిలో మాది పప్పులు, బెల్లం అమ్ముకునే ఇల్లు. తొంభైల్లో నలుగురూ పెడుతున్నారని మేమూ ఫ్యాక్టరీ పెట్టాం. బట్టల రంగుల్లో కలిపే మందు తయారుచేసేవాళ్లం. వాడిన నీళ్లను వెనక గుంతలో ఆరబెట్టేవాళ్లం. అందులో ఎంత ఆరిందో, ఎంత ఇంకిందో మేమెప్పుడూ పట్టించుకోలేదు. చివరికి పక్క పొలంలో బోరు నీళ్లు పసుప్పచ్చగా మారాయి.

ఆ పొలం ఒక పెద్దమ్మది. కొడుకు మా దగ్గరే పనిచేసేవాడు కాబట్టి ఆమె మమ్మల్ని గట్టిగా ఏమీ అనలేకపోయేది. ఊళ్లో గొడవ ముదిరాక, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లాగే మేమూ రోజూ మంచినీళ్ల ట్యాంకరు పంపడం మొదలుపెట్టాం. ఏదో దానం చేస్తున్నట్టు దాని మీద దేవుడి బొమ్మ కూడా వేయించాను. చూడండి నా తెలివి!

వ్యాపారం దెబ్బతిన్నాక, అనుమతి పత్రం వాపసు ఇవ్వడానికి కాలుష్య మండలి ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఇంజనీరు కాగితం తీసుకుని నా మొహంలోకి చూశాడు.

"ఇది వాపసు ఇచ్చారంటే ఇక ఫ్యాక్టరీ నడపకూడదు, అంతే. గుంత మాత్రం మీదే. బురద తీయించాలి. పక్క పొలం బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. అవి బాగయ్యేదాకా వాళ్లకు మంచినీళ్లు మీరే ఇవ్వాలి" అన్నాడు.

"గట్లనే సార్" అని బుద్ధిమంతుడిలా తల ఊపాను. బయటికొచ్చి చాయ్ తాగాను. మర్నాడే ట్యాంకరు ఆపించాను. ఫ్యాక్టరీయే లేనప్పుడు ట్యాంకరెందుకు అని ఇంట్లో వాళ్లకు చెప్పాను. బురద సంగతి వానలయ్యాక చూడొచ్చులే అనుకున్నాను.

వానలు తగ్గాక పెద్దమ్మ కొడుకు మా కొట్టుకు వచ్చాడు. "బోరుకాడ గంగమ్మకు చేస్తున్నం సేటూ. మా అమ్మ నిన్ను తప్పకుండ రమ్మన్నది" అన్నాడు. నలుగురిలో తిట్టడానికేమోనని జంకుతూనే వెళ్లాను.

బోరు పైపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. కొత్త బోరులో నీళ్లు పడినప్పుడు చేసే మర్యాదంతా ఆ పాత బోరుకు చేస్తున్నారు. నీళ్లు తేటగానే వస్తున్నాయి. పక్కన పొయ్యి మీద బెల్లమన్నం ఉడుకుతోంది. పెద్దమ్మ చెంబు నింపి నా చేతికిచ్చింది.

"నువ్వు కంపిని బందు వెట్టినవ్, గంగమ్మ మళ్ల మా ఇంటికొచ్చింది. ఇయ్యాల మొదటి చెంబు నీకే సేటూ" అంది.

ఆ నీళ్లు నేను పరీక్షకే పంపలేదు. రంగు పోయినంత మాత్రాన మందు పోదని నాకు తెలుసు. ఉపవాసమని చెబుదామా అనిపించింది. ఆమె మొహంలో సంతోషం చూసి ఆ అబద్ధం చెప్పలేకపోయాను. చెంబు కింద పెట్టాను.

"తాగొద్దు పెద్దమ్మా. ఇవింక మంచిగ కాలే."

"అదేంది? కాయితం వాపసిచ్చినవంట గద?"

"ఇచ్చిన. గుంతల బురద అట్లనే ఉన్నది. నేనే తీపియ్యలే."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పొయ్యి మీది గిన్నె వైపు, పళ్లేలు పట్టుకుని కూర్చున్న ఇంటిల్లిపాది వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నెల సంది ఇవే తాగుతున్నం సేటూ. నువ్వు ట్యాంకరు ఆపినవంటే, నీళ్లు మంచిగైనయనే గద అనుకున్నం."